నీటి ఒడ్డు పేటలో నలుగురినీ నడిపించడం ఎలా?

నది కావచ్చు, సముద్రం కావచ్చు, పెద్ద సరస్సు కావచ్చు. ఊరు నీటిని ఆనుకుని ఉన్న చోట పదిమందిని కూడగట్టి ఓ పూట నడుద్దామనుకోగానే ఎవరికైనా తట్టే దారి ఒకటే: గట్టు ఈ చివర మొదలుపెట్టి, ఆ చివరిదాకా పోవడం. అలా చేయకండి. అరగంటకల్లా విసుగొస్తుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క రోడ్డు, ఎంత నడిచినా అదే దృశ్యం. నీడ ఉండదు, గాలి హోరులో మాట వినపడదు. ఇలాంటి పేటల్లో చూడదగినదంతా నీటికి వెనకాల, సందుల్లో ఉంటుంది. అందుకే గట్టు వెంట కాకుండా, గట్టుకు అడ్డంగా నడిచేలా దారి వేసుకోవాలి. ఒక సందులోంచి పైకెళ్లి, ఇంకో సందులోంచి కిందికి దిగి, మధ్యమధ్య నీటిని పలకరించి మళ్లీ లోపలికి వెళ్లాలి.

పాత ఒడ్డు ఎక్కడుందో వెతకండి

పటం తీసి, నీటికి సమాంతరంగా ఉన్న వీధుల్ని ఒడ్డు నుంచి లోపలికి వరసగా చూడండి. మొదటిది, రెండోది, మూడోది. చాలా ఊళ్లలో వీటిలో ఏదో ఒకటి ఒకప్పటి అసలు ఒడ్డు. న్యూయార్క్‌లో మన్‌హాటన్ దక్షిణ కొసన ఉన్న పెర్ల్ స్ట్రీట్ డచ్చివాళ్ల కాలంలో నది అంచునే ఉండేది. ఇప్పుడు దానికీ నీటికీ మధ్య మూడు వీధులున్నాయి. ఆ మూడూ నదిని పూడ్చి వేసినవే. శాన్ ఫ్రాన్సిస్కోలో 1849 నాటి బంగారం వేటకు వచ్చినవాళ్లు ఓడల్ని రేవులోనే వదిలేసి గనులకు పరుగెత్తారు. తర్వాత ఆ రేవును పూడ్చినప్పుడు కొన్ని ఓడలు అలాగే మట్టి కిందికి పోయాయి. అక్కడ పునాదులు తవ్వుతుంటే ఓడల చెక్కలు బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

మీ పేటలో పాత ఒడ్డును పట్టుకోవడానికి కొన్ని గుర్తులుంటాయి. చదునుగా సాగిన నేల ఒక చోట ఉన్నట్టుండి ఎత్తెక్కుతుంది. తిన్నగా గీసినట్టున్న వీధుల మధ్య ఒక్క వీధి మాత్రం వంకర తిరుగుతుంది. పాత గోదాముల పెద్ద తలుపులు, ఇప్పుడు నీళ్లే లేని వీధి వైపు తెరుచుకుని ఉంటాయి. పాత పటం దొరికితే పని ఇంకా తేలిక: పెద్ద గ్రంథాలయాల్లో, పాత పత్రాల భాండాగారాల్లో ఉంటాయి, కొన్ని ఊళ్లవి అంతర్జాలంలో కూడా దొరుకుతాయి. ఆ పాత ఒడ్డును మీ పటం మీద పెన్సిల్‌తో గీసుకోండి. నడక రోజున ఆ గీత మీదికి రాగానే అందర్నీ ఆపి, "ఇక్కడి నుంచి అవతలంతా ఒకప్పుడు నీళ్లే" అని చెప్పండి. కాళ్ల కింద నేలను అందరూ మళ్లీ ఒకసారి చూసుకుంటారు. ఆ పూటంతా మీరు చెప్పేవాటిలో ఇంత పనిచేసే మాట ఇంకోటి ఉండదు.

ఆ తర్వాత నీటికి అడ్డంగా వచ్చే సందుల్ని చూడండి. పడవలో దిగిన సరుకు గోదాముకు చేరడానికి దగ్గరి దారి అదే కాబట్టి పాత రేవు పేటల్లో ఇలాంటి సందులు దగ్గరదగ్గరగా, ఇరుకుగా ఉంటాయి. వీటికి ఇంకో సుగుణం ఉంది. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు అంత త్వరగా వేడెక్కదు. అందుకే సముద్రం దగ్గర, పెద్ద సరస్సుల దగ్గర పగలు పొద్దెక్కిన కొద్దీ గాలి నీటి మీదనుంచి ఒడ్డు వైపు వీస్తుంది. రేవు సందుల్లోకి ఆ గాలి నేరుగా దూరి వస్తుంది. గట్టుకు సమాంతరంగా ఉన్న వెనక వీధులకు మాత్రం ముందున్న భవనాలు అడ్డు పడతాయి. వేడి రోజుల్లో సందుల్లో ఎక్కువసేపు గడపండి. చలిగాలి రోజుల్లో దీనికి తలకిందులు, వెనక వీధులే దిక్కు.

ఇక దారి వేయండి. మూడు నాలుగు సందులు చాలు. నీటి దగ్గరికి మూడుసార్లు వస్తే సరిపోతుంది, అయితే మూడుసార్లూ నీళ్లు మూడు రకాలుగా కనపడాలి. మొదటిసారి సందు చివర సన్నని చీలికలా కనిపించాలి. రెండోసారి వంతెన మీదనుంచో దిబ్బ మీదనుంచో, పైనుంచి చూడాలి. కళ్ల నిండా విశాలంగా కనపడే చోటును ఆఖరికి దాచుకోండి. మొదట్లోనే చూపించేస్తే మిగతా నడకంతా చప్పబడిపోతుంది.

దూరం విషయంలో పిసినారిగా ఉండండి. ఒంటరిగా మీరు గంటకు ఐదు కిలోమీటర్లు నడవగలరేమో. ఆగుతూ, రోడ్లు దాటుతూ, కబుర్లు చెప్పుకుంటూ నడిచే గుంపు గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. మూడు నాలుగు కిలోమీటర్ల దారికి గంటన్నర నుంచి రెండు గంటలైనా పడుతుంది. అంతకు మించి పెట్టకండి. బయల్దేరిన చోటికే తిరిగి రావాలన్న పట్టుదల కూడా వద్దు. బస్సో రైలో దొరికే చోట ముగిస్తే చాలు. సగం దారిలో కూడా, అలసినవాళ్లు సిగ్గుపడకుండా తప్పుకోగలిగే ఒక చోటు ఉండాలి. అది ఎక్కడో ముందే అందరికీ చెప్పాలి.

దారిలో వంతెనలుంటే, దాటిన వంతెన మళ్లీ దాటకుండా వెళ్లాలనిపించడం సహజం. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లో ఏడు వంతెనల్నీ ఒక్కోసారి మాత్రమే దాటి రావడం కుదురుతుందా అని అక్కడివాళ్లు తలలు బద్దలు కొట్టుకుంటుంటే, కుదరదని 18వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ నిరూపించాడు. గణితంలో ఓ కొత్త శాఖకు అది మొదలైంది. మన పనికి అంత గణితం అక్కర్లేదు. ఒకే వంతెనను పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటితే రెండు వేర్వేరు దృశ్యాలు. దాన్ని లోపం అనుకోకండి.

రోజూ గంటా ఎంచుకోవడం

సముద్రం ఒడ్డునో, సముద్రానికి దగ్గరి నది ఒడ్డునో నడుస్తుంటే ఆటుపోట్ల పట్టిక చూడకుండా గంట ఖాయం చేయకూడదు. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ప్రతిరోజూ పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇది నడకకు ఎలా తగులుతుందంటే, శనివారం సాయంత్రం ఐదింటికి మీరు వెళ్లి చూసినప్పుడు నీరు తీసి, కింది మెట్లన్నీ బయటపడి ఉన్నాయనుకోండి. వచ్చే శనివారం అదే ఐదింటికి లెక్క ఆరు గంటలకు కాస్త తక్కువ జరిగి ఉంటుంది. పోటు దగ్గరపడి, మీరు చూసిన మెట్లు నీళ్లలో ఉంటాయి. ఆ పై శనివారానికి మళ్లీ దాదాపు మొదటి స్థితికి వస్తుంది. కాబట్టి ముందస్తు పరిశీలనకు రెండు వారాల ముందో, సరిగ్గా ముందురోజో వెళ్లండి, వారం ముందు వద్దు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర్లో పోటు మరీ ఎక్కువ, ఆటు మరీ తక్కువ ఉంటాయి. ఆ రోజుల్లో కింది గట్టు మీది దారిని నమ్ముకోకండి.

లోపలి నదులకూ సరస్సులకూ ఈ బెడద లేదు. కానీ పైన ఆనకట్ట ఉంటే నీరు వదిలే వేళలు, హెచ్చరిక బోర్డులు చూసుకోవాలి.

వెలుగు సంగతి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నీరు వెలుతురును ఎక్కువగా మింగేస్తుంది. పొద్దు వాలిన కొద్దీ అదే నీరు అద్దమై కళ్లలోకి కొడుతుంది. నీళ్లు పడమర వైపున్న ఒడ్డున, అస్తమయానికి ముందు గంటలో నీటికి ఎదురుగా నిలబెట్టి ఏదైనా చెప్పబోతే ఎవరూ కళ్లు తెరవలేరు. ఆ గంట సందుల్లో గడిపి, పొద్దు గుంకాక నీటి దగ్గరికి తీసుకురండి. భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్లలో ఆ తర్వాత మిగిలే వెలుగు అరగంటకు మించదు. దూరం వెళ్లిన కొద్దీ మునిమాపు సాగుతుంది.

పడవ ప్రయాణం కలపాలనుకుంటే దాన్ని మొదట్లోనే పెట్టండి. ఆఖర్న పెడితే నడకంతా చివరి పడవ గంటకు బందీ అవుతుంది. మొదట్లో అయితే, పడవ ఆలస్యమైనా అందరూ ఇంకా ఉత్సాహంగానే ఉంటారు.

ముందుగా ఒకసారి మీరు నడవండి

పటం చెప్పనివి చాలా ఉంటాయి. వీలైతే, వారంలో నడక పెట్టబోయే రోజునే, పెట్టబోయే గంటకే వెళ్లండి. ఆదివారం పొద్దున్న నిద్రపోయే వీధి, పనిరోజు సాయంత్రం లారీలతో కిక్కిరిసి ఉండవచ్చు. శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో, ఆ గంటకు తెరిచి ఉంటుందో లేదో స్వయంగా చూడండి. కూర్చోవడానికి అరుగో బల్లో ఎక్కడెక్కడ ఉందో గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లుంటే అర కిలోమీటరుకు ఒకటైనా ఉండాలి. మెట్లున్న చోట పక్కన వాలు దారి ఉందా? లేకపోతే చక్రాల కుర్చీలో వచ్చేవారికీ, పిల్లల బండితో వచ్చేవారికీ వేరే దారి చూసిపెట్టండి, లేదా మొత్తం గుంపునే ఆ దారిన తిప్పండి. రెండోదే మర్యాద.

పెద్ద రోడ్డు దాటే చోట ఆకుపచ్చ దీపం ఎంతసేపు ఉంటుందో లెక్కపెట్టండి. గుంపంతా ఒక్క విడతలో దాటలేకపోతే, అవతల ఆగడానికి చోటుండాలి. ఆగబోయే ప్రతి చోటా ఒక నిమిషం నిలబడి, మామూలు గొంతుతో ఏదైనా చెప్పుకుని చూడండి. మీ మాట మీకే సరిగా వినపడకపోతే ఆ చోటు కొట్టేసి, ఇరవై అడుగులు సందులోకి జరగండి.

మనుషులు

పది పన్నెండు మంది హాయి. పదిహేను దాటితే వెనకవాళ్లకు మాట అందదు. అప్పుడు రెండు గుంపులు చేసి, ఇరవై నిమిషాల తేడాతో బయల్దేరదీయండి.

ముందు నడిచేది మీరు. అందరికంటే వెనక నడవడానికి, దారి తెలిసిన, ఓపికున్న ఒకరిని ముందే ఒప్పించండి. నా లెక్కలో గుంపు నడకలో అసలు నాయకులు వారే. వారికంటే వెనక ఎవరూ ఉండకూడదన్నది ఒక్కటే నియమం. మలుపు తిరిగే ప్రతిసారీ, వారు కనపడేదాకా మీరు ఆగాలి. నీటి దగ్గర ఆగిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి. మనసులో కాదు, వేలితో చూపిస్తూ.

ఇంకో చిన్న విషయం, చాలామంది పట్టించుకోనిది. నెమ్మదిగా నడిచేవాళ్లు అందుకోగానే "పదండి" అనేస్తే, ముందొచ్చినవాళ్లకు విశ్రాంతి దొరికింది గానీ అది ఎక్కువ అవసరమైనవాళ్లకు దొరకలేదు. చివరి మనిషి వచ్చాకే మాట మొదలుపెట్టండి. మాట అయ్యాక కూడా రెండు నిమిషాలు ఊరుకోండి.

ముందురోజు పంపే సందేశంలో ఇవి ఉండాలి: కలిసే చోటు, అదీ "రేవు దగ్గర" అని కాకుండా ఏ గేటు, రోడ్డుకు ఏ వైపు అని, కలిసే గంట, కదిలే గంట విడివిడిగా, ముగిసే చోటు, అక్కడి నుంచి ఇంటికెళ్లే సాధనాలు, మధ్యలో తప్పుకోగలిగే చోటు, మెట్లు ఎన్ని, దూరం ఎంత. జారని అరికాళ్లున్న చెప్పులో బూట్లో వేసుకోమని, నీళ్ల సీసా, టోపీ తెచ్చుకోమని ఒక్క ముక్క. అంతకు మించి రాస్తే ఎవరూ చదవరు.

ఆగిన చోట ఏం చూపించాలి

ఆగిన చోట మూడు నిమిషాలు, ఒకే ఒక్క విషయం. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి, అప్పుడు మాట వాళ్ల దాకా పోతుంది. ఎండ మీ ముఖాన పడనివ్వండి, వాళ్ల ముఖాన కాదు. గుంపును గోడ పక్కకు చేర్చండి, నడిచేవాళ్ల దారికి అడ్డం లేకుండా.

చూపించడానికి పెద్ద కట్టడాలే అక్కర్లేదు. గట్టు రాయి అంచున మోకులు ఒరుసుకుని పడ్డ గాడులు. పడవలు కట్టే ఇనుప గుంజలు, గోడలో బిగించిన కడియాలు. తారు కింద సగం పూడిపోయిన పట్టాలు. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో గోడ మీద చెక్కిన గీతలు, సంవత్సరాలు. పై అంతస్తులో మెట్లూ వరండా లేకుండా గాలిలోకి తెరుచుకునే తలుపు కనపడిందంటే, అది మనుషుల కోసం కాదు, సరుకు కోసం. దాని పైన కొక్కెం వేలాడదీసే దూలం ఉందేమో తలెత్తి చూడండి. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల పక్కనున్న సన్నటి ఇళ్ల నెత్తిన ఇప్పటికీ అవి వరసగా కనిపిస్తాయి. మెట్లు మరీ ఇరుకు కావడంతో సామాను తాడు కట్టి కిటికీలోంచి లాక్కునేవారు.

ఇలాంటి పేటలు ఎందుకు ఖాళీ అయ్యాయో ఒక చోట తప్పకుండా చెప్పండి, ఎందుకంటే మిగతావన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఒకప్పుడు సరుకంతా బస్తాల్లో, పీపాల్లో, పెట్టెల్లో వచ్చేది. కూలీలు ఒక్కొక్కటే దించాలి, ఎక్కించాలి. ఓడ రోజుల తరబడి రేవులోనే ఉండేది. నావికులకు బస, తాళ్లూ తెరచాపలూ అమ్మేవాళ్లు, డబ్బు మార్చేవాళ్లు, వాళ్ల వాళ్ల ప్రార్థనాలయాలు, అన్నీ నడక దూరంలోనే ఉండాల్సి వచ్చింది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 అల్యూమినియం కంటైనర్లను వేసుకుని హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఆ పద్ధతి పాకిన కొద్దీ ఓడలు పెద్దవయ్యాయి. వాటికి లోతైన నీళ్లు, కంటైనర్లు పేర్చడానికి విశాలమైన మైదానాలు కావాల్సొచ్చాయి. ఊరి నడిబొడ్డున అవి ఎక్కడ దొరుకుతాయి? రేవులు ఊరి బయటికి పోయాయి. లండన్‌లో పాత డాకులు 1960ల చివర మొదలై 1981 నాటికి ఒక్కొక్కటే మూతపడ్డాయి. గోదాములు ఏళ్లతరబడి ఖాళీగా ఉండి, తర్వాత ఖరీదైన ఇళ్లూ ఆఫీసులూ అయ్యాయి. మీ దారిలో అలాంటి గోదాము ఉంటే, దాని తలుపు వెడల్పు చూపించి, ఇందులోంచి ఏం వెళ్లి ఉంటుందో ఊహించమని గుంపును అడగండి.

గట్టు అసలు ఎందుకు కట్టారన్నది కూడా మంచి ప్రశ్నే, జవాబు ఎప్పుడూ వరదే కాదు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేని స్థితికి వచ్చాక, ఇంజినీరు జోసెఫ్ బాజల్‌జెట్ లండన్‌కు పెద్ద మురుగు కాలవల వ్యవస్థను కట్టాడు. 1870లో తెరిచిన విక్టోరియా ఎంబాంక్‌మెంట్ మీద షికారు చేసేవాళ్ల కాళ్ల కింద వెళ్తున్నది ఆ మురుగే, దాని పక్కన రైలు కూడా.

నీటికీ పేటకీ మధ్య పెద్ద రోడ్డు అడ్డంగా ఉంటే దాన్ని తిట్టుకుంటూ దాటేయకుండా, అక్కడే ఆగి మాట్లాడండి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒడ్డు వెంట ఉన్న రెండంతస్తుల రహదారి 1989 భూకంపంలో దెబ్బతింటే, 1991లో దాన్ని కూల్చేశారు, ఒడ్డు మళ్లీ ఊరికి దక్కింది. సియోల్‌లో రహదారి కింద పూడిపోయిన చంగ్యేచన్ వాగును 2005లో మళ్లీ తెరిచారు. మన దగ్గర అలా కుదురుతుందా లేదా అన్న వాదన మొదలైతే మీరు పక్కకు తప్పుకోండి, గుంపే మాట్లాడుకుంటుంది. 2007లో టొరంటోలో, పట్టణాల గురించి రాసిన జేన్ జేకబ్స్ జ్ఞాపకార్థం జేన్స్ వాక్ పేరుతో మొదలైన నడకలు ఇప్పుడు ఎన్నో దేశాల ఊళ్లలో జరుగుతున్నాయి. వాటి పద్ధతి అదే: ఒకరి ఉపన్యాసం కాదు, నడుస్తూ నలుగురూ మాట్లాడుకోవడం. ఆ వీధి పెద్దాయనో పెద్దావిడో ఆగి ఏదైనా చెప్పడం మొదలుపెడితే, మీరు రాసుకొచ్చిన కాగితం జేబులో పెట్టేయండి.

సముద్రం ఎదుట నిలబడ్డప్పుడు పిల్లల కోసం ఒకటి. నీటి అంచున నిల్చున్న మనిషి కంటికి కనపడే దిగంతం ఐదు కిలోమీటర్ల లోపే. అంతకంటే దూరాన ఉన్న ఓడ కింది భాగం భూమి వంపు వెనక దాగి, పై భాగమే కనిపిస్తుంది. నమ్మనివాళ్లు బైనాక్యులర్స్ తెచ్చుకుంటే స్వయంగా చూడొచ్చు.

అంచు దగ్గర

పాత రేవు గట్లకు చాలా చోట్ల కంచె ఉండదు, గట్టు పక్కనే లోతు ఉంటుంది. పిల్లల్ని లోపలి వైపు, పెద్దల్ని నీటి వైపు నడిపించండి. ఫొటో తీస్తూ వెనక్కి నడవడం నిషేధం, ఇది మొదట్లోనే చెప్పండి. పోటు నీళ్లు తడిపే మెట్ల మీద పచ్చగా పాకుడు పడుతుంది. ఎండినట్టే కనిపించినా జారుతుంది. పాకుడు మొదలయ్యే గీత కిందికి ఎవరూ దిగకూడదు. నీళ్లలో విసిరే లైఫ్ బోయ్ చక్రాలు ఎక్కడున్నాయో పరిశీలనకు వెళ్లినప్పుడే చూసుకోండి. ఎవరైనా పడితే వెంట దూకకండి. దూకినవాళ్లు కూడా మునగడం మామూలుగా జరిగేదే. వెల్లకిలా తేలమని అరవండి, చక్రమో తాడో పొడవాటి గుడ్డో విసరండి, ఇంకొకరు అత్యవసర నంబరుకు ఫోన్ చేయాలి.

ఉరుములొస్తే బేరాల్లేవు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గట్టు వదిలి గట్టి భవనంలోకి వెళ్లండి, చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగి బయటికి రండి.

పేటవాళ్లతో

మీకది షికారు, అక్కడివాళ్లకు ఇల్లు. ఇరుకు సందులో పన్నెండు మంది నిలబడితే అది దారి మూసేసినట్టే. కాబట్టి ఇళ్ల గుమ్మాల ముందు ఆగకండి, సందు మొదట్లో చెప్పాల్సింది చెప్పేసి మౌనంగా దాటండి. వల బాగుచేసుకుంటున్నవాళ్లను అడగకుండా ఫొటో తీయకండి. నౌకాదళం, కస్టమ్స్, రేవు గేట్ల దగ్గర చాలా దేశాల్లో ఫొటోలపై ఆంక్షలుంటాయి. బోర్డు కనపడితే ఫోన్లు లోపల పెట్టమనండి.

ముగించాక

చెప్పిన చోట, చెప్పిన గంటకు పది నిమిషాల అటూఇటూగా ఆపండి. ఆఖరిసారి తలలు లెక్కపెట్టి, మధ్యలో తప్పుకున్నవాళ్లు ఇల్లు చేరారో లేదో ఒక సందేశం పంపండి. కబుర్లు తెగనివాళ్లు ఎలాగూ గట్టు మీద కూర్చుండిపోతారు, వాళ్లను కదపకండి. ఆ రాత్రే మీ పటం మీద ఒక్కో చోట నిజంగా ఎంతసేపు పట్టిందో, ఎవరికి ఎక్కడ ఇబ్బంది అయిందో, ఆ పూట నీరు ఏ మెట్టు దాకా ఉందో రాసి, వెనక నడిచిన వారి చేత కూడా రాయించండి. ముందున్నవారికి కనపడనివి వారికే కనపడి ఉంటాయి. తర్వాతి నడకకు మీ ఇద్దరూ స్థానాలు మార్చుకోండి.